చెప్పి పోయిందా, చెప్పాపెట్టకుండా పోయిందా? సర్వర్ రీబూట్ వెనక కారణాన్ని వెతకడం

తెల్లవారుజామున 3:14కి ఫోన్ మోగుతుంది. సర్వర్ డౌన్ అని అలర్ట్. లేచి లాప్‌టాప్ తెరిచేలోపే ఇంకో మెసేజ్, సర్వర్ అప్ అని. లోపలికి వెళ్లి చూస్తే అంతా మామూలుగానే ఉంటుంది. సీపీయూ మీద లోడ్ లేదు, మెమరీ ఉంది, డిస్క్‌లో చోటుంది, సర్వీసులన్నీ నడుస్తున్నాయి. అప్‌టైమ్, అంటే మెషీన్ లేచి ఎంతసేపైందన్న లెక్క, మాత్రం 4 నిమిషాలు అంటోంది. నిన్న రాత్రి పడుకునేటప్పుడు అది 143 రోజులు.

డిస్క్ నిండితే నిండినట్టు కనిపిస్తుంది. నెట్‌వర్క్ తెగితే తెగినట్టు తెలుస్తుంది. రీబూట్ అలా కాదు. అది తన ఆనవాళ్లు తానే చెరిపేసుకుంటుంది. ఆ క్షణాన మెమరీలో ఏముందో, ఏ ప్రాసెస్ ఎక్కడ ఇరుక్కుందో అంతా పోతుంది. పైగా చాలాసార్లు రీబూటే ఆ రోగాన్ని తాత్కాలికంగా నయం చేసేస్తుంది. అందుకే ఎన్నో టీమ్‌లు "ఏదో అయింది, ఇప్పుడు బాగానే ఉంది" అని రాసి టికెట్ మూసేస్తాయి. అలా మూసిన టికెట్ మళ్లీ తెరుచుకుంటుంది, అదీ పని ఎక్కువున్న రోజే. అప్పుడు ఆ టెన్షన్ పడేది టికెట్ మూసినవాళ్లు కాదు, ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు.

ఇన్నేళ్లలో నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఒకటుంది. "ఎందుకు రీబూట్ అయింది" అని మొదలుపెట్టను, "ఎవరు రీబూట్ చేశారు" అని మొదలుపెడతాను. మెషీన్‌ని పడగొట్టగలిగేది నలుగురే. ఒకరు, మనిషో ప్రోగ్రామో ఇచ్చిన ఆదేశం. రెండు, ఇక నావల్ల కాదని చేతులెత్తేసిన కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. మూడు, బయట కాపలా ఉండి, ఇది స్పందించడం లేదని రీసెట్ కొట్టిన ఇంకో వ్యవస్థ. నాలుగు, కరెంట్ లేదా హార్డ్‌వేర్. వీళ్లలో ఎవరి పనో తేలితే సగం కేసు తేలినట్టే. ఎందుకంటే ఒక్కొక్కరూ ఒక్కో చోట ఆనవాలు వదులుతారు, చూడాల్సిన చోటు కూడా దాన్నిబట్టే మారుతుంది.

అయితే అంతకంటే ముందు ఇంకో చిన్న అనుమానం తీర్చుకోవాలి. నిజంగా మెషీనే రీబూట్ అయిందా? "సర్వర్ రీస్టార్ట్ అయింది" అని అప్లికేషన్ వాళ్లు చెబితే అది ఒక్కోసారి డేటాబేస్ సర్వీసో, కంటెయినరో మాత్రమే అయ్యుంటుంది. లినక్స్‌లో మెమరీ అయిపోతే ఓఓఎమ్ (అవుట్ ఆఫ్ మెమరీ) కిల్లర్ ఒక ప్రాసెస్‌ని చంపుతుంది, అంతేగానీ మెషీన్‌ని రీబూట్ చెయ్యదు. మెమరీ అయిపోతే కెర్నల్ పానిక్ అవ్వాలని, అంటే మొత్తం ఆగిపోవాలని ఎవరైనా ప్రత్యేకంగా సెట్ చేసి ఉంటే తప్ప. కాబట్టి ముందు అప్‌టైమ్ చూడండి. అది 143 రోజుల దగ్గరే ఉంటే మీరు వెతకాల్సింది వేరే కేసు.

వీడ్కోలు ఉందా లేదా

ఎవరో ఆదేశం ఇస్తే మెషీన్ పద్ధతిగా దిగుతుంది. సర్వీసులు ఒక్కొక్కటే ఆగుతాయి, ఫైల్ సిస్టమ్‌లు అన్‌మౌంట్ అవుతాయి, చివర్లో షట్‌డౌన్ అన్న రికార్డు పడుతుంది. లినక్స్‌లో లాస్ట్ అనే కమాండ్‌ని ఎక్స్ ఆప్షన్‌తో నడిపితే ఆ వరస కనిపిస్తుంది. రీబూట్ రికార్డుకి ముందు షట్‌డౌన్ రికార్డు ఉంటే అది చెప్పి పోయింది. షట్‌డౌన్ లేకుండా ఒక రీబూట్ మీద ఇంకో రీబూట్ ఉండి, అప్పటికి లాగిన్ అయి ఉన్న యూజర్ల ఎదురుగా క్రాష్ అని రాసి ఉంటే చెప్పాపెట్టకుండా పోయింది. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ లాగ్ ఇదే పని చేస్తుంది. 1074 అన్న నంబర్ ఉంటే ఎవరో అడిగి చేయించిన రీస్టార్ట్, ఏ ప్రాసెస్, ఏ యూజర్ అన్నది అందులోనే ఉంటుంది. 6008 ఉంటే ముందటి షట్‌డౌన్ ఊహించనిది అని అర్థం. కెర్నల్ పవర్ పేరుతో 41 కనిపిస్తే చాలామంది అదే కారణం అనుకుంటారు. కాదు. అది మెషీన్ మళ్లీ లేచాక "పోయినసారి నేను సరిగ్గా దిగలేదు" అని రాసుకున్న మాట మాత్రమే. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ సున్నా ఉంటే బ్లూ స్క్రీన్ నమోదు కాలేదని, కరెంట్ పోవడమో, మెషీన్ బిగుసుకుపోయి రీసెట్ కొట్టడమో జరిగి ఉండొచ్చని అర్థం. పవర్ బటన్ టైమ్‌స్టాంప్ అన్న గడిలో సున్నా కాకుండా ఇంకేదైనా ఉంటే ఎవరో బటన్‌ని నొక్కిపట్టుకున్నారు.

వీడ్కోలు ఉన్న రీబూట్‌లు తేలిగ్గా తేలతాయి. ఆటోమేటిక్ అప్‌డేట్‌లు, ఎప్పుడో ఎవరో పెట్టి మర్చిపోయిన క్రాన్ (టైమ్ ప్రకారం దానంతట అదే నడిచే) పని, వేరే సర్వర్ అనుకుని ఈ విండోలో రీబూట్ కొట్టిన సహోద్యోగి. ఉబుంటు లినక్స్‌లో అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ అనే ఆటోమేటిక్ అప్‌డేట్ ప్రోగ్రామ్ తనంతట తాను రీబూట్ చెయ్యదు, ఆ సెట్టింగ్ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. ఎవరైనా ఆన్ చేశారేమో చూసుకోవాలి.

కానీ వీడ్కోలు ఉండి కూడా నన్ను బాగా తిప్పలు పెట్టిన కేసు ఒకటుంది. ఒక లినక్స్ సర్వర్ పట్టపగలు చక్కగా సర్వీసులన్నీ ఆపుకుని రీబూట్ అయ్యేది. లాగిన్ అయిన వాళ్లు లేరు, రీబూట్ కమాండ్ కొట్టినట్టు ఆడిట్ లాగ్‌లో లేదు, క్రాన్‌లో ఏమీ లేదు. మూడోసారి అయ్యాక రాక్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. అక్కడ ఎనిమిది సర్వర్లకి ఒకటే కీబోర్డు, ఒకటే స్క్రీన్. విండోస్ చూసుకునే అతను వచ్చాడు. నల్లగా ఉన్న స్క్రీన్ ముందు కూర్చుని, లాగిన్ కోసం అలవాటుగా కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కాడు. ఆ కీబోర్డుని ఏ సర్వర్‌కి కలపాలో చెప్పే స్విచ్ మాత్రం మా లినక్స్ సర్వర్ మీద ఉంది. సిస్టమ్‌డీ (సర్వీసులన్నిటినీ నడిపించే ప్రోగ్రామ్) ఉన్న లినక్స్‌లో కన్సోల్ దగ్గర ఆ మూడు కీలు నొక్కితే మామూలుగా రీబూటే. అతను ఏ తప్పూ చెయ్యలేదు, విండోస్‌లో అది తలుపు తట్టడం లాంటిది. ఆ రోజే అన్ని లినక్స్ మెషీన్లలోనూ ఆ కీలకి స్పందించే టార్గెట్‌ని మాస్క్ చేశాం, అంటే పనిచెయ్యకుండా ఆపేశాం. మళ్లీ జరగలేదు.

చివరి లైను దోషి కాదు

ఇక చెప్పాపెట్టకుండా పోయిన కేసులు. లినక్స్ లాగ్ పుస్తకమైన జర్నల్‌ని జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో తీసి, గత బూట్ లాగ్ తెరిచి చివరికి వెళ్తే, మాట్లాడుతూ మాట్లాడుతుండగా ఫోన్ కట్ అయినట్టు ఉంటుంది. 3:12:01కి క్రాన్ ఒక చిన్న స్క్రిప్ట్ మొదలుపెట్టింది. 3:12:40కి డేటాబేస్ చెక్‌పాయింట్ పూర్తయిందని రాసింది. కొత్త బూట్‌లో మొదటి లైను 3:15:52, కెర్నల్ లేస్తూ తన వర్షన్ చెప్పుకుంటోంది. మధ్యలో ఏమీ లేదు.

ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు. చివరి లైన్లో డేటాబేస్ ఉంది కాబట్టి అదే కారణం అని పట్టుకుంటారు, ముందు క్రాన్ ఉంది కాబట్టి ఆ స్క్రిప్టే అంటారు. ప్రతి నిమిషం నడిచే క్రాన్ పని, ఏ క్షణాన కరెంట్ పోయినా చివరి లైన్ల దరిదాపుల్లోనే ఉంటుంది. చివర ఎవరు మాట్లాడారన్నది నేరానికి ఆధారం కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. జర్నల్ రాసినవన్నీ వెంటనే డిస్క్ మీదికి చేరవు. మామూలు మెసేజ్‌లని 5 నిమిషాలకోసారి మాత్రమే అది గట్టిగా డిస్క్‌కి సింక్ చేస్తుంది. క్రిటికల్, అంతకు మించిన స్థాయివైతేనే అప్పటికప్పుడు రాయిస్తుంది. అంటే చివరి లైను సమయమే మెషీన్ పడిపోయిన సమయం కానక్కర్లేదు. ఆ తర్వాత వచ్చిన మాటలు మెమరీలోనే ఆగి, మెమరీతోపాటే పోయి ఉండొచ్చు. మానిటరింగ్ వ్యవస్థకి చివరి సమాధానం ఎప్పుడు అందిందో చూస్తే పడిపోయిన సమయం ఇంకాస్త దగ్గరగా తెలుస్తుంది.

కొన్ని మెషీన్లలో గత బూట్ లాగే ఉండదు. వార్ లాగ్ (/var/log) కింద జర్నల్ అనే ఫోల్డర్ లేకపోతే, చాలా వర్షన్లలో మామూలు సెట్టింగ్‌తో సిస్టమ్‌డీ జర్నల్‌ని ర్యామ్‌లోనే దాచుకుంటుంది. ఆ ఒక్క ఫోల్డర్ లేక ఎన్ని విచారణలు మొదలవ్వకుండానే ఆగిపోయాయో తలుచుకుంటే బాధేస్తుంది.

అయితే లాగ్ ఉండి, చివర్లో వీడ్కోలు లేకపోవడం కూడా ఒక సమాచారమే. మామూలుగా ఇచ్చిన రీబూట్ ఆదేశం కాదని అది చెబుతోంది. ఇక మిగిలింది ముగ్గురు.

చేతులెత్తేసిన కెర్నల్, బయటి కాపలాదారు

కెర్నల్ పానిక్ అంటే, ఇంకా నడిస్తే డేటా పాడవుతుందని కెర్నల్ తనంతట తానే ఆగిపోవడం. ఆగిన తర్వాత ఏం చెయ్యాలన్నది కెర్నల్ డాట్ పానిక్ అనే సెట్టింగ్ చెబుతుంది. సున్నా అయితే అలాగే నిలబడి ఉంటుంది, 10 అయితే 10 సెకన్ల తర్వాత రీబూట్ అవుతుంది. సర్వీస్ త్వరగా లేవాలని మనమే ఆ అంకె వేసి, తర్వాత స్క్రీన్ మీద పానిక్ మెసేజ్ చూడలేకపోయామని తలపట్టుకుంటాం. విండోస్‌లో బ్లూ స్క్రీన్ తర్వాత ఆటోమేటిక్ రీస్టార్ట్ మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది.

దీనికి మందు కేడంప్. బూట్ అయ్యేటప్పుడే కొంత మెమరీ పక్కన పెట్టుకుని అందులో రెండో కెర్నల్‌ని సిద్ధంగా ఉంచుతుంది. మొదటిది పానిక్ అయితే రెండోది లేచి, మొదటిదాని మెమరీని ఫైల్‌గా భద్రపరిచి, ఆ తర్వాత రీబూట్ చేస్తుంది. విండోస్‌లో అదే పని మెమరీ డంప్ చేస్తుంది. పెట్టుకోవడమే కాదు, ఒకసారి కావాలని పానిక్ చేయించి ఫైల్ నిజంగా పడుతోందో లేదో చూసుకోండి. పక్కన పెట్టిన మెమరీ చాలక, అవసరమైన రోజున అర డంప్ రాసి ఆగిపోయిన కేడంప్‌లు నేను చూశాను.

డంప్ చదివేటప్పుడు బయటివాళ్లు ఇచ్చిన డ్రైవర్లు, సెక్యూరిటీ ఏజెంట్లు, స్టోరేజ్ మాడ్యూళ్ల మీద ముందు కన్నెయ్యాలి. కెర్నల్‌లోకి వచ్చిన కోడ్ ఏది తప్పటడుగు వేసినా పడిపోయేది మొత్తం మెషీనే. 2024 జూలై 19న ప్రపంచం చూసింది ఇదే. క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక కంటెంట్ ఫైల్‌ని చదువుతూ దాని డ్రైవర్ తనది కాని మెమరీలోకి తొంగిచూసింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. చాలావాటిలో ఆ డ్రైవర్ ప్రతి బూట్‌లోనూ మొదట్లోనే లోడ్ అవుతుంది కాబట్టి లేవడం, పడటం, మళ్లీ లేవడం. ఎక్కువ చోట్ల సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఫైల్ తీసేస్తేగానీ ఆ చక్రం ఆగలేదు. రీబూట్‌ల మధ్య సమయం ప్రతిసారీ దాదాపు ఒకేలా ఉండి, బూట్‌లో ఒకే దశ దగ్గర పడిపోతుంటే కొత్తగా వచ్చిన డ్రైవర్‌నో, అప్‌డేట్‌నో ముందు అనుమానించాలి.

బయటి కాపలాదారు కేసులు ఇంకా చిత్రంగా ఉంటాయి. వాచ్‌డాగ్ అనేది ఒక చిన్న టైమర్. నడుస్తున్న వ్యవస్థ దాన్ని ఎప్పటికప్పుడు తట్టి "నేను బతికే ఉన్నాను" అని చెబుతుండాలి. చెప్పకపోతే టైమర్ అయిపోయి హార్డ్ రీసెట్ పడుతుంది. లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు, అచ్చం కరెంట్ పోయినట్టే. ఇక్కడ రీబూట్ రోగం కాదు, వైద్యం. అసలు రోగం మెషీన్ అంతసేపు బిగుసుకుపోవడం. వాచ్‌డాగ్‌ని తీసేస్తే రీబూట్ ఆగుతుంది, మెషీన్ మాత్రం గంటలకొద్దీ బిగుసుకుని ఉంటుంది.

కొన్ని సర్వర్లు (నోడ్‌లు) కలిసి ఒకటిగా పనిచేసే క్లస్టర్లలో ఫెన్సింగ్ ఉంటుంది. ఒక నోడ్ నుంచి కబురు ఆగిపోతే, రెండు నోడ్‌లు ఒకే డిస్క్ మీద రాసి డేటా పాడుచెయ్యకుండా మిగతా నోడ్‌లు దాని పవర్ తీసేస్తాయి. నెట్‌వర్క్ కొద్ది సెకన్లు తడబడినా, లోడ్ ఎక్కువై కబురు పంపడం ఆలస్యమైనా ఇది జరగొచ్చు. పడిపోయిన నోడ్‌లో ఎంత వెతికినా ఏమీ దొరకదు. రాసి ఉండేది పడగొట్టిన నోడ్‌లో. క్లస్టర్ సర్వర్ రీబూట్ అయితే నేను ముందు తెరిచేది పక్క మెషీన్ లాగ్.

వర్చువల్ మెషీన్లదీ ఇదే దారి. కింద ఉన్న అసలు మెషీన్ (హోస్ట్) పడిపోతే, ఆ ఏర్పాటు ఉన్నచోట మీ మెషీన్ ఇంకో హోస్ట్ మీద లేస్తుంది. వీఎమ్‌వేర్‌లో వీఎమ్ మానిటరింగ్ ఆన్‌లో ఉంటే, హార్ట్‌బీట్, అంటే బతికే ఉన్నానన్న కబురు, అందక డిస్క్, నెట్‌వర్క్ కదలిక కూడా లేకపోతే రీసెట్ చేస్తుంది. లోపలినుంచి చూస్తే అదీ కరెంట్ పోయినట్టే ఉంటుంది. క్లౌడ్‌లో అయితే ప్రొవైడర్ కన్సోల్‌లో మెయింటెనెన్స్ ఈవెంట్లు, ఇన్‌స్టాన్స్ స్టేటస్ చెక్‌ల చరిత్ర చూడకుండా లోపల గంటలు గంటలు వెతకడం వృథా శ్రమ.

కరెంట్, వేడి, మెమరీ

భౌతిక సర్వర్ అయితే దాదాపు అన్నిటికీ బీఎమ్‌సీ అనే చిన్న కంప్యూటర్ లోపల ఉంటుంది. డెల్ దాన్ని ఐడ్రాక్ అంటుంది, హెచ్‌పీఈ ఐలో అంటుంది. పెద్ద కంప్యూటర్ పడిపోయినా అది మెలకువగానే ఉండి తన ఈవెంట్ లాగ్‌లో రాసుకుంటుంది. పవర్ సప్లైకి ఇన్‌పుట్ పోయిందని, వాచ్‌డాగ్ రీసెట్ చేసిందని, ఫలానా స్లాట్‌లో మెమరీకి సరిదిద్దలేని లోపం వచ్చిందని. ఐపీఎమ్ఐటూల్ అనే ప్రోగ్రామ్‌తో ఆ లాగ్ బయటికి తీయొచ్చు. రెండు జాగ్రత్తలు. దాని గడియారం సర్వర్ గడియారంతో కలవకపోవచ్చు. చాలాచోట్ల అది యూటీసీలో ఉంటుంది, కొన్నిచోట్ల ఎవరూ ఎప్పుడూ సెట్ చేసి ఉండరు. ముందు బీఎమ్‌సీలో ఇప్పుడు ఎంతైందో చూసి, తేడా లెక్కగట్టి, అప్పుడు ఈవెంట్లు చదవాలి. రెండోది, ఆ లాగ్‌కి చోటు తక్కువ. కొన్ని మోడళ్లలో నిండిపోతే కొత్తవి రాయడం ఆగిపోతుంది.

సర్వర్ పవర్ సప్లై, ఇన్‌పుట్ పోయాక ఓపిక పట్టగలిగేది సుమారు 10 నుంచి 20 మిల్లీసెకన్లు. కళ్లు మూసి తెరిచేదానికంటే తక్కువ. గదిలో లైటు ఒకసారి మినుకుమన్నంత కోత చాలు. రెండు పవర్ సప్లైలు ఉన్నాయి కదా అని ధీమాగా ఉంటాం. రెండు తీగలూ ఒకే పవర్ స్ట్రిప్‌లో పెట్టి ఉంటే రెండు ఉన్నా ఒకటే. ఒకచోట ఒక సర్వర్ సరిగ్గా రెండు వారాలకోసారి, అదే రోజు, అదే గంటకి పడిపోయేది. క్రాన్‌లో వెతికాం, బ్యాకప్‌లో వెతికాం. చివరికి తేలింది యూపీఎస్. అది రెండు వారాలకోసారి తనని తాను పరీక్షించుకోవడానికి లోడ్‌ని బ్యాటరీ మీదికి మారుస్తోంది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కాపాడాల్సిందే పడగొడుతోంది. బ్యాటరీలు మార్చాక ఆ సర్వర్ మళ్లీ అలా పడిపోలేదు.

వేడి విషయంలో ఒక తేడా గమనించాలి. ప్రాసెసర్ హద్దు దాటి వేడెక్కితే తనని తాను కాపాడుకోవడానికి పవర్ ఆపేయిస్తుంది. అంటే ఎక్కువగా మెషీన్ ఆగి ఉండిపోతుంది, మళ్లీ లేవదు. కరెంట్ పోయి వచ్చాక తనంతట తాను లేస్తుందా అన్నది కూడా బయోస్‌లోని సెట్టింగ్‌ని బట్టే. ఆ సెట్టింగ్ తెలిస్తే లేచిన తీరే ఒక ఆధారం అవుతుంది.

మెమరీ లోపాలు మనం అనుకునేంత అరుదు కాదు. గూగుల్ తన సర్వర్లను గమనించి 2009లో వెలువరించిన అధ్యయనంలో, ఒక్క ఏడాదిలో 8 శాతానికి పైగా మెమరీ మాడ్యూళ్లలో లోపాలు నమోదయ్యాయి. మామూలు ఈసీసీ మెమరీ ఒక బిట్ తప్పయితే దిద్దుకుంటుంది. రెండు బిట్లు తప్పయితే పట్టుకోగలదు గానీ దిద్దలేదు. అప్పుడు చాలాసార్లు మెషీన్ చెక్ అనే హార్డ్‌వేర్ లోపం హెచ్చరిక, ఆ వెంటనే పానిక్. మంచి విషయం ఏంటంటే, పెద్ద లోపానికి ముందు చిన్నవి చాలాసార్లు పడుతుంటాయి. ఈ లోపాలని నమోదు చేసే రాస్‌డీమన్ లాంటిది పెట్టుకుంటే ఏ స్లాట్‌లో దిద్దుబాట్లు పెరుగుతున్నాయో ముందే తెలిసిపోతుంది.

క్యాలెండర్‌ని కూడా ఒక సాక్షిగా చూడాలి. ఎప్పుడూ ఒకే సమయానికైతే షెడ్యూల్. లోడ్ పెరిగినప్పుడల్లా అయితే పవర్ సప్లై లేదా వేడి. లేచిన తర్వాత అన్నే రోజులకైతే ఎక్కడో ఒక లెక్కింపు నిండి పొర్లుతోంది. లినక్స్ 2.6 కాలంలో కొన్ని కెర్నళ్లు సుమారు 208 రోజుల అప్‌టైమ్ దాటాక కాల గణన తప్పి పానిక్ అయ్యేవి. ఒకే రోజు బూట్ చేసిన సర్వర్లన్నీ ఒకే వారంలో వరసగా పడిపోతుంటే చూసినవాళ్లకి ఏదో దాడి జరిగిందనిపిస్తుంది. ఏఎమ్‌డీ రెండో తరం ఎపిక్ ప్రాసెసర్లలోనూ సుమారు 1044 రోజుల తర్వాత ఒక కోర్ బిగుసుకుపోయే లోపం ఉందని కంపెనీయే ప్రకటించింది. అందుకే రీబూట్ విచారణలో నేను పడిపోయిన తేదీతోపాటు అంతకుముందు లేచిన తేదీ కూడా రాస్తాను.

ఇన్ని చూసినా ఒక్కోసారి ఏదీ దొరకదు. అప్పుడు పార్టులన్నీ ఒకేసారి మార్చెయ్యాలన్న ఆత్రం వస్తుంది. మెమరీ, పవర్ సప్లై, ఫర్మ్‌వేర్ మూడూ ఒకే రాత్రి మారిస్తే, సమస్య పోయినా దేనివల్ల పోయిందో తెలియదు. ఇంకో పది సర్వర్లలో అదే పార్టు ఉంటే వాటి సంగతీ తెలియదు. ఒకటి మార్చండి, ఎప్పుడు మార్చారో రాయండి, ఆగండి. ఈలోపు సాక్షులని నిలబెట్టండి. జర్నల్‌ని డిస్క్ మీదికి, లాగ్‌లని ఇంకో మెషీన్ మీదికి మళ్లించండి. నెట్‌కన్సోల్ పెడితే కెర్నల్ చివరి మాటలు నెట్‌వర్క్ మీద పక్క సర్వర్‌కి చేరే అవకాశం ఉంటుంది. బీఎమ్‌సీ ద్వారా సీరియల్ కన్సోల్ రికార్డ్ చేయండి, దాని గడియారం సరిచెయ్యండి, పాత ఈవెంట్లు భద్రపరిచి లాగ్ ఖాళీ చెయ్యండి. టికెట్‌లో "కారణం తెలియలేదు, ఆదేశం ఇచ్చిన రీబూట్ కాదు, పానిక్ డంప్ లేదు, బీఎమ్‌సీలో పవర్ ఈవెంట్ లేదు, ఫలానా తేదీన కేడంప్, నెట్‌కన్సోల్ పెట్టాం" అని రాసి, దాన్ని తెరిచే ఉంచండి. రెండోసారి 3:14కి ఫోన్ మోగినప్పుడు ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు ముందుగా చదివేది ఆ నాలుగు లైన్లే.